నట్టల మందు పనిచేసిందా లేదా: గొర్రెల మందలో కొలిచి తేల్చుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో నట్టల మందు తాగించని గొర్రెల మంద దాదాపు ఉండదు. తాగించిన మందు పనిచేసిందో లేదో కొలిచి చూసుకున్న మందలు మాత్రం చాలా అరుదు. "మొన్ననే తాగించామండీ, అయినా దవడ కింద నీరు దిగుతూనే ఉందండీ" అని కాపరి వచ్చి చెబితే మనం చేసే పని మరో సీసా రాసివ్వడం. ఆ నీరు దిగడానికి కనీసం నాలుగు కారణాలుండొచ్చు. నట్టలు మందుకు లొంగకుండా తయారై ఉండొచ్చు. మందు చాలినంత పోసి ఉండకపోవచ్చు. లోపల ఉన్నవి గుండ్రటి నట్టలు కాక కార్జపు జలగలైతే, పోసిన మందు వాటికి సంబంధించినదే కాకపోవచ్చు. మందు బాగానే పనిచేసినా, మళ్లీ అదే తడి గడ్డి మేసి కొత్తగా సోకి ఉండొచ్చు. పైనుంచి చూస్తే ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీయాలంటే పెంటికలు తీసి గుడ్లు లెక్కపెట్టడం తప్ప దగ్గర దారి లేదు.

మందు ఇవ్వకముందు ఒక గ్రాము పెంటికల్లో ఎన్ని నట్టగుడ్లు ఉన్నాయో, ఇచ్చాక సరైన రోజున ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తగ్గుదల శాతం కట్టడమే ఈ పరీక్ష. మైక్రోస్కోపు, తూకం, ఉప్పు, ఓపిక ఉంటే మండల స్థాయి పశువైద్యశాలలో కూడా చేయొచ్చు. పశువైద్య విద్యార్థులకు, వైద్యశాల సిబ్బందికి, డాక్టరుగారిని వెంటబెట్టుకుని తమ మందను పరీక్షించుకోవాలనుకునే పెంపకందార్లకు పనికొస్తుందని దీన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు కాలాన్ని లెక్కలోకి తీసుకోండి

డెల్టాలో ఈ పరీక్షకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మెట్ట నుంచి మందలు దిగుతాయి, ఎరువు కోసం చేలల్లో మంద కడతారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. గట్లు ఎండిపోతాయి, గడ్డి మీది నట్టపిల్లలు ఎండకు చస్తాయి, కొత్తగా సోకడం తగ్గుతుంది. జూన్‌లో వానలు పడి కాలువల్లోకి నీళ్లొచ్చాక గట్లన్నీ పచ్చబడతాయి, మళ్లీ సోకడం మొదలవుతుంది. అంటే మందు పోసినా పోయకపోయినా గుడ్ల సంఖ్య తనంతట తాను కిందికీ పైకీ పోతుంటుంది.

ఏప్రిల్‌లో మందు పోసి రెండు వారాలకు గుడ్లు తగ్గాయంటే అందులో మందు వాటా ఎంత, ఎండ వాటా ఎంత? మందు ప్రభావమంటే మందు తర్వాత కనిపించిన అంకె కాదు. మందు ఇవ్వకపోతే ఎంత ఉండేదో, ఇచ్చాక ఎంత ఉందో ఆ రెండింటి మధ్య తేడా. ఇకపై చెప్పే ప్రతి మెట్టూ ఈ తేడాను కలుషితం కాకుండా కాపాడుకోవడానికే.

అనుమతి, డాక్టరుగారి పర్యవేక్షణ

చలామణిలో ఉన్న మందును డాక్టరుగారి సలహాతో, చెప్పిన మోతాదులో వాడి, పెంటికలు పరీక్షించడం రోజువారీ వైద్యంలో భాగమే. అదే పరిశోధన, థీసిస్, లేదా కొత్త మందు పరీక్ష అయితే మొదటి నమూనా తీయకముందే సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ నిబంధనలు దీనికి వర్తిస్తాయి. ఏ పద్ధతిలో చేసినా ఒక నియమాన్ని ముందే కాగితం మీద రాసుకోండి. మందు ఇవ్వని గుంపులో ఏ జీవమైనా కళ్ల లోపలి పొర తెల్లబడి నీరసించినా, దవడ కింద నీరు దిగినా ఆ క్షణమే దానికి వైద్యం చేసి పరీక్షలోంచి తప్పించాలి. లెక్క కోసం ఒక గొర్రెను చావుదాకా తేవడం ఎవరికీ తగదు.

జీవాలను ఎంచుకోవడం

మూడు నుంచి ఆరు నెలల పిల్లలైతే మంచిది. వాటిలో గుడ్లు ఎక్కువగా ఉంటాయి, పెద్దవాటికున్నంత నిరోధక శక్తి వాటికి ఉండదు. గత రెండు మూడు నెలల్లో ఏ నట్టల మందూ తాగనివి కావాలి. ఈ సంగతి కాపరిని ఒకటికి రెండుసార్లు అడగండి. ఇవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను చాలామంది గజ్జి మందుగానే గుర్తుపెట్టుకుంటారు. "నట్టల మందేమీ పోయలేదండీ" అంటారు, నిజమే చెబుతారు. కానీ గజ్జికి వేసిన ఆ సూది నట్టలను కూడా చంపుతుంది. అందుకే "మందు పోశారా" అని ఊరుకోకుండా "సూదేమైనా వేశారా, దేనికి వేశారు" అని కూడా అడగాలి.

మందు ఇచ్చే గుంపులో కనీసం పది, వీలైతే పదిహేను జీవాలుండాలి. మందు ఇవ్వని గుంపులోనూ అన్నే ఉండాలి. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మందు ఇచ్చిన జీవాలనే ముందూ తర్వాతా పోల్చమంటున్నాయి, ఆ పోలికకు మందు ఇవ్వని గుంపు లేకపోయినా పరవాలేదు. అయినా కాలువలు కట్టేసే రోజుల్లో, తొలకరి రోజుల్లో డెల్టాలో పరీక్ష పెడితే మందు ఇవ్వని గుంపు ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

గుంపులుగా ఎలా విడగొట్టాలన్నది చాలా ముఖ్యం. బక్కచిక్కిన వాటికి మందిచ్చి పుష్టిగా ఉన్నవాటిని వదిలేస్తే పరీక్ష అక్కడే చెడిపోతుంది. బాగా ఎక్కువ గుడ్లున్న వాటినే ఏరి మందిచ్చినా అంతే. ఒకరోజు అసాధారణంగా ఎక్కువ చూపించిన జీవం మరో రోజు ఏ మందూ లేకుండానే తక్కువ చూపిస్తుంది. సరైన పద్ధతేమిటంటే, ముందు అన్నింటి గుడ్లూ లెక్కపెట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయండి. పైనుంచి రెండేసి చొప్పున జతలు కట్టండి. ప్రతి జతకూ ఒక నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే మొదటిదానికి మందు, బొరుసు పడితే రెండోదానికి. "ఇది మరీ నీరసంగా ఉందండీ, దీనికే పోయండి" అని కాపరి బతిమాలితే ఆ గొర్రెకు మందు పోయాల్సిందే, కానీ దాన్ని పరీక్షలో కలపకూడదు. రెండు గుంపులూ ఒకే చోట మేయాలి, ఒకే దొడ్లో పడుకోవాలి.

తూకం, మోతాదు

మందు పనిచేయలేదన్న ఫిర్యాదు వస్తే నేను మొదట అనుమానించేది తూకాన్నే. కంటి అంచనాతో బరువు కడితే తక్కువ పడే అవకాశం ఎక్కువ. తక్కువ మోతాదు పడితే బలహీనమైన నట్టలు చచ్చి మొండివి మిగులుతాయి, వాటి సంతానమే రేపటి మందను పట్టుకుంటుంది. పరీక్షలో ఉన్న ప్రతి జీవాన్నీ వేలాడే తూకానికి పట్టీ కట్టి తూయండి.

ఉదాహరణకు ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రావణం తీసుకుందాం. మిల్లీలీటరుకు 25 మి.గ్రా. మందు ఉంటుంది. గొర్రెకు కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున 30 కిలోల గొర్రెకు 150 మి.గ్రా., అంటే 6 మి.లీ. పోయాలి. 7.5 మి.గ్రా. చొప్పున పోయమని డాక్టరుగారు చెబితే 9 మి.లీ. అవుతుంది. మేకల ఒంట్లో ఈ మందు త్వరగా విరిగిపోతుంది కాబట్టి గొర్రె మోతాదు వాటికి చాలదు. అందుకే గొర్రెల్నీ మేకల్నీ ఒకే లెక్కలో కలపకండి. తొలి నెల చూలు గొర్రెలకు ఆల్బెండజోల్ పోయకూడదు. పాలు, మాంసం వాడకానికి ఎన్నాళ్లు ఆగాలో సీసా మీద ఉంటుంది, దాన్ని పాటించండి.

సీసా దగ్గర రెండు పనులు మరచిపోవద్దు. ఈ మందు అడుగుకు దిగిపోతుంది, కాబట్టి సీసాను బాగా కుదపాలి. కుదపకపోతే మొదట తాగిన గొర్రెలకు పలచటి నీళ్లు, చివరివాటికి చిక్కటి ముద్ద దక్కుతాయి. మందు తాగించే గన్ను వాడుతుంటే, 6 దగ్గర పెట్టి ఒకసారి సిరంజిలోకి కొట్టి నిజంగా 6 మి.లీ. వస్తోందో లేదో చూడండి. వాషరు అరిగిన గన్ను 5 మి.లీ. కూడా ఇవ్వకపోవచ్చు.

తాగించేటప్పుడు గొర్రె తలను నేలకు సమాంతరంగా పట్టుకుని, మూతి పక్క నుంచి గొట్టం పెట్టి, నాలుక వెనక భాగం మీద నెమ్మదిగా వదలాలి. తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొంత ఉమ్మేస్తే వెంటనే ఆ గొర్రె నంబరు పక్కన రాసుకోండి. ఈ చిన్న గుర్తు లెక్క తేల్చేరోజు చాలా అక్కరకొస్తుంది.

పెంటికలు తీయడం

నేల మీద పడినవాటిని ఏరకండి. గ్లౌజు వేసుకుని, వేలికి కాస్త నూనె రాసుకుని, పురీషనాళం నుంచే తీయండి. ఐదు నుంచి పది గ్రాములు చాలు. చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి పిండేసి, ముడి వేయండి. సంచి మీద చెవిపోగు నంబరుకు బదులు మీ సొంత కోడ్ రాయండి. ఏ కోడ్ ఏ గొర్రెదో తెలిపే పట్టిక మైక్రోస్కోపు దగ్గర కూర్చునే మనిషి చేతికి వెళ్లకూడదు. మందు ఇచ్చిన గొర్రె నమూనా అని తెలిస్తే, అనుమానంగా కనిపించిన గుడ్డును వదిలేయాలని ఎంత నిజాయితీపరుడికైనా అనిపిస్తుంది.

మన ఎండలకు గుడ్లు ఒక్కరోజులోనే పొదిగి పిల్లలవుతాయి. అప్పుడు లెక్కకు గుడ్లే దొరకవు, మందు అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. అందుకే తీసిన వెంటనే ఐసు పెట్టెలో పెట్టి, తర్వాత ఫ్రిజ్‌లో మామూలు అరలో ఉంచండి. గడ్డకట్టించే అరలో పెట్టొద్దు. మర్నాటికల్లా లెక్కపెట్టడం మేలు.

రెండో నమూనా ఏ రోజున?

ఇది మందును బట్టి మారుతుంది. లెవమిసోల్‌కు 3 నుంచి 7 రోజులు, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి వాటికి 8 నుంచి 10 రోజులు, ఇవర్‌మెక్టిన్‌కు 14 నుంచి 17 రోజులు. తొందరపడితే, చావకుండా గుడ్లు పెట్టడం మాత్రం తాత్కాలికంగా ఆపిన ఆడ నట్టలు మందు గెలిచినట్టు చూపిస్తాయి. ఆలస్యం చేస్తే, మందు తర్వాత కొత్తగా సోకిన నట్టలు పెద్దవై గుడ్లు పెట్టి మందు ఓడినట్టు చూపిస్తాయి. రక్తం పీల్చే హిమాంకస్ నట్ట లోపలికి వెళ్లిన దాదాపు మూడు వారాలకే గుడ్లు పెడుతుంది. కాబట్టి "వచ్చే నెల సంతకొచ్చినప్పుడు చూద్దాం" అంటే కుదరదు. మందు ఇవ్వని గుంపు నుంచి కూడా అదే రోజు, అదే పూట తీయాలి.

గుడ్లు లెక్కపెట్టడం

లీటరు వేడినీళ్లలో ఉప్పు కలుపుతూ, ఇక కరగక అడుగున మిగిలేదాకా వేయండి. దాదాపు 360 గ్రాములు పడుతుంది. కల్లుప్పు అయినా పరవాలేదు, చల్లారాక గుడ్డలో వడగట్టండి. సాంద్రత 1.20 ఉండాలి. పాలకేంద్రంలో వాడే లాక్టోమీటరు అంతవరకూ చూపించదు, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు కావాలి.

సరిగ్గా 3 గ్రాముల పెంటికలు తూచి, 42 మి.లీ. ఉప్పునీళ్లలో వేసి బాగా మెదిపి కలపండి. టీ వడపోసే జాలీలోంచి పోయండి. వడపోసిన నీటిని తిప్పుతూనే పిప్పెట్‌తో తీసి మెక్‌మాస్టర్ స్లైడు (గుడ్లు లెక్కపెట్టడానికి గీతలు గీసిన గదులున్న గాజు పలక) లోని రెండు గదులూ నింపండి. ఒక్క క్షణం ఆగి తీసినా గుడ్లు పైకి తేలిపోయి, పిప్పెట్‌లోకి ఉత్త ఉప్పునీళ్లే వస్తాయి. స్లైడును ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. తేలికైన గుడ్లు పైకి తేలి గాజుకు ఆనుకుంటాయి, చెత్త అడుగున ఉండిపోతుంది. అందుకే ముందు గాజు పై గీతలు స్పష్టంగా కనిపించేలా ఫోకస్ చేయాలి, గుడ్లు ఆ మట్టంలోనే దొరుకుతాయి. నల్లటి అంచుతో అచ్చంగా గుండ్రంగా ఉన్నవి గాలి బుడగలు. నట్టగుడ్డు కోలగా, పలచటి పెంకుతో ఉంటుంది, లోపల కణాలు ద్రాక్షగుత్తిలా ముద్దగా కనిపిస్తాయి. మూడు నాలుగు మూలలున్నట్టు కనిపించేవి బద్దెపురుగు గుడ్లు. వాటిని విడిగా రాసుకోండి, ఈ లెక్కలో కలపొద్దు. గీత మీద పడిన గుడ్ల విషయంలో ఒకటే నియమం పెట్టుకోండి: ఎడమ గీత, పై గీత మీదివి లెక్కలోకి, మిగతావి బయటికి.

ఒక్కో గది గీతల కింద 0.15 మి.లీ. ఉంటుంది, రెండూ కలిపి 0.3 మి.లీ. అందులో ఉన్న పెంటిక 0.02 గ్రాములు. కాబట్టి రెండు గదుల్లో కనిపించిన గుడ్లను 50తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. స్లైడు పెట్టాక అరగంటలోపు ముగించండి, ఆలస్యమైతే ఉప్పు పేరుకుని ఏమీ కనిపించదు.

కళ్లతో చూసిన అసలు గుడ్ల సంఖ్యను, 50తో హెచ్చించిన అంకెను రెండింటినీ రాయాలి. ముందటి నమూనాలో గుంపు మొత్తం మీద చూసినవి 40 గుడ్లే అనుకోండి. 95 శాతం తగ్గితే 2 మిగులుతాయి, 90 శాతం తగ్గితే 4. రెండా నాలుగా అన్నది పూర్తిగా అదృష్టం మీద ఆధారపడిన సంగతి. అదే 400 గుడ్లు చూసి ఉంటే 20కీ 40కీ తేడా తేటగా తెలుస్తుంది. 2023 మార్గదర్శకాలు గ్రాముకు ఇన్ని గుడ్లుండాలనే పాత షరతు బదులు, చూసిన గుడ్ల మొత్తం మీద షరతు పెట్టింది ఇందుకే. గుడ్లు తక్కువగా ఉంటే ఒక్కో జీవానికి రెండు మూడు స్లైడులు చూడండి.

లెక్క కట్టడం

ముందు మందు ఇచ్చిన గుంపు సంగతి:

తగ్గుదల శాతం = 100 × (1 − తర్వాతి సగటు ÷ ముందటి సగటు)

లెక్క అర్థం కావడానికి పది గొర్రెలనుకుందాం. ముందటి సగటు గ్రాముకు 800, తర్వాతి సగటు 120. తగ్గుదల 85 శాతం. ఇప్పుడు మందు ఇవ్వని గుంపు వైపు చూడండి. వాటి సగటు కూడా 800 నుంచి ఎండల వల్ల 400కు దిగిందనుకోండి. మందు లేకుండానే సగం పోయిందన్నమాట. మందు ఇచ్చిన గుంపులో మిగిలిన భాగం 0.15, ఇవ్వని గుంపులో మిగిలిన భాగం 0.5. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.3. అసలు మందు ప్రభావం 70 శాతమే. అదే తొలకరిలో మందు ఇవ్వని గుంపు 800 నుంచి 1,200కు పెరిగి ఉంటే 0.15ను 1.5తో భాగించాలి, 0.1 వస్తుంది, మందు ప్రభావం 90 శాతమవుతుంది. మందు తాగిన గొర్రెల అంకెలు రెండు సందర్భాల్లోనూ అవే. మారింది పక్కనున్న గుంపు ఒక్కటే.

తర్వాత ఒక్కో గొర్రెనూ విడిగా చూడండి. నట్టలు మందలోని అన్ని జీవాల్లో సమానంగా ఉండవు, కొన్నింటిలోనే గుట్టగా ఉంటాయి. పై ఉదాహరణలో తర్వాతి మొత్తం 1,200లో ఒక్క గొర్రెదే 700 అనుకోండి, దాని ముందటి అంకె 1,000. దాన్ని పక్కన పెట్టి మిగతా తొమ్మిదింటికి కడితే 7,000 కాస్తా 500 అయింది, తగ్గుదల దాదాపు 93 శాతం. ఆ గొర్రె మందు ఉమ్మేసినట్టు ఆ రోజే రాసుకుని ఉంటే తీసేయడానికి కారణముంది. రాసుకోకపోతే తీసేయకూడదు, ఫలితం నచ్చలేదన్నది కారణం కాదు. రెండు లెక్కలూ చూపించండి.

ఒక్క శాతం రాసి ఊరుకోకుండా, అది ఎంత మేర అటూ ఇటూ కావచ్చో కూడా చెప్పాలి. స్ప్రెడ్‌షీటులో చేయొచ్చు. పది గొర్రెల పేర్ల నుంచి యాదృచ్ఛికంగా పదిసార్లు తీయండి, తీసినదాన్ని మళ్లీ లోపల వేస్తూ తీయాలి. ఆ పదింటికి తగ్గుదల కట్టండి. ఇలా వెయ్యిసార్లు చేయించి, వచ్చిన శాతాలను వరసలో పెట్టి, కింద 25, పైన 25 కొట్టేస్తే మిగిలిన రెండు చివరలే మీ హద్దులు.

గొర్రెలు, మేకలకు 1992 నుంచి వాడుకలో ఉన్న కొలత ప్రకారం తగ్గుదల 95 శాతం కంటే తక్కువై, కింది హద్దు కూడా 90 కంటే తక్కువైతే నట్టలు ఆ మందుకు లొంగడం లేదని చెప్పాలి. రెండింటిలో ఒక్కటే జరిగితే అనుమానమని రాసి మళ్లీ పరీక్షించాలి.

లొంగడం లేదని తేలితే

ముందు మోతాదు పట్టిక, సీసా గడువు తేదీ, గన్ను కొలత మళ్లీ చూడండి. అవన్నీ సరిగ్గా ఉంటేనే నట్టలను నిందించాలి. మిగిలిన పెంటికలను తడిగా ఉంచి పిల్లలను పొదిగించి, ఏ జాతివి మిగిలాయో ల్యాబులో చూపించుకోండి. మామూలుగా గుడ్డును చూసి హిమాంకస్‌నూ మిగతావాటినీ విడదీయలేం.

మందు మార్చడమంటే కంపెనీ మార్చడం కాదు. ఆల్బెండజోల్‌కు లొంగని నట్టలు ఫెన్‌బెండజోల్‌కు కూడా లొంగకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం. లెవమిసోల్ గానీ ఇవర్‌మెక్టిన్ గానీ వేరే కుటుంబాలవి. వాటితో మళ్లీ ఇదే పరీక్ష పెట్టాలి.

గేదెల్లో కార్జపు జలగకు

కాలువ పక్కన మేసే గేదెలకు పై పద్ధతి కొంత మార్చాలి. జలగ గుడ్లు బరువు, ఉప్పునీళ్లలో తేలవు. పేడను నీళ్లలో కలిపి, వడపోసి, అడుగుకు దిగనిచ్చి, పై నీళ్లు వంపేసి, మళ్లీ నీళ్లు పోసి, తేటపడేదాకా ఇలా చేయాలి. అడుగున మిగిలినదానికి ఒక చుక్క మిథిలీన్ బ్లూ రంగు వేస్తే చుట్టూ నీలంగా మారి, కార్జపు జలగ గుడ్లు పసుపుగా బయటపడతాయి. రంగు లేకుండా కనిపించే పెద్ద గుడ్లు పొట్టజలగవి. పిత్తాశయంలో పాత గుడ్లు కొన్నాళ్లు మిగిలి ఉంటాయి కాబట్టి రెండో నమూనా మూడు వారాలకు తీయాలి. జలగల మందు ఆక్సీక్లోజనైడ్ పెద్ద జలగలనే చంపుతుంది. కార్జంలో ఇంకా తిరుగుతున్న పిల్ల జలగలు మిగిలిపోయి, నెలలు గడిచాక గుడ్లు పెడతాయి. వాటిని చూసి మందు విఫలమైందని రాయకూడదు.

గేదెను తూయడం కుదరకపోతే టేపుతో ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి తుంటి చివరి ఎముక వరకు పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 10,840తో భాగిస్తే బరువు కిలోల్లో ఇంచుమించుగా వస్తుంది.

చివరి రోజు చేయాల్సినవి

రెండో నమూనా తీసిన రోజే, మందు ఇవ్వని గుంపుకు కూడా మందు పోయించండి. పరీక్షలో పెట్టిన మందు ఓడిందని తేలితే, రెండు గుంపులకూ వేరే కుటుంబం మందు ఇవ్వాలి. కాపరికి ఇచ్చే కాగితంలో మందు పేరు, దాని కుటుంబం, సీసా బ్యాచి నంబరు, కిలోకు పోసిన మోతాదు, రెండు నమూనాల తేదీలు, రెండు గుంపుల సగటులు, తగ్గుదల శాతం, దాని హద్దులు, తీసేసిన జీవాలు, తీసేసిన కారణాలు తెలుగులో రాసివ్వండి. మంద వేసవిలో మరో ఊరి చేలకు వెళ్తే, అక్కడి డాక్టరుగారికి ఆ కాగితమే చూపించమని చెప్పండి.